ఒకే బల్ల, రెండు జీతాలు: కంట్రాక్టు ఉద్యోగికి పీఎఫ్ పాస్‌బుక్ ఎంతవరకు పనికొస్తుంది?

పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓ ఇచ్చే మెంబరు పాస్‌బుక్ మీద యాప్ స్టోర్‌లో కనిపించే సమీక్షలన్నిటిదీ ఒకటే గొడవ: ఓటీపీ రాలేదు, లాగిన్ అవలేదు, డబ్బు ఎప్పుడు పడుతుంది? అవీ నిజమే. కానీ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో సర్కారు ఆఫీసుల్లోనూ ఆస్పత్రుల్లోనూ మునిసిపాలిటీల్లోనూ కంట్రాక్టరు కింద పనిచేసే మన తెలుగువాళ్లకి ఈ పాస్‌బుక్‌తో ఇంకో పెద్ద పని ఉంది. తన జీతం ఎంతని కంట్రాక్టరు నెలనెలా గవర్నమెంటుకి రాసిస్తున్నాడో పనివాడు ఇంట్లో కూర్చుని చూసుకోగల చోటు ఇదే. ఆ అవసరం కోసం తూచితే పాస్‌బుక్‌కి ఐదుకి నాలుగు మార్కులు, దాని వెనకున్న ఫిర్యాదుల ఏర్పాటుకి రెండు.

ముందు అసలు తేడా ఎంతో చూద్దాం. ఒడిశా ప్రభుత్వం 2017లో సవరించిన పే స్కేళ్లలో అట్టడుగు లెవెల్ 16,600 దగ్గర మొదలవుతుంది. 2025 జనవరి నాటి 55 శాతం డీఏ కలిపితే 25,730. ఇంటద్దె అలవెన్సు వేరే. అదే ఆఫీసులో అవే ఫైళ్లు మోసే అవుట్‌సోర్సింగ్ అటెండరుకి టెండరులో రాసేది అన్‌స్కిల్డ్ కనీస వేతనం. 2024లో ఒడిశా దాన్ని రోజుకి 450 చేసింది. తర్వాత వీడీఏ (ధరలని బట్టి మారే కరువు భత్యం) కలుస్తూ పోతోంది కాబట్టి మీ నెలకి వర్తించే రేటు మీరు వేసుకోండి; ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండాలని 450నే పట్టుకుందాం. 26 రోజులకి 11,700. అందులో పీఎఫ్ 12 శాతం 1,404 పోతుంది, ఈఎస్‌ఐ 0.75 శాతం 88 పోతుంది. చేతికొచ్చేది 10,208. పర్మినెంటు అటెండరు కొత్తగా చేరిన రోజు తీసుకునే బేసిక్, డీఏ కలిపితే ఇద్దరు కంట్రాక్టు అటెండర్ల మొత్తం కూలీ కన్నా ఎక్కువ.

ఊళ్లో జీతాల తేడా గురించి మాట్లాడేటప్పుడు కలెక్టరు జీతాన్నీ కూలీవాడి జీతాన్నీ పక్కపక్కన పెట్టడం మామూలు. కానీ సర్కారు కొలువుల్లో పైకీ కిందకీ మధ్య దూరం నిజానికి తక్కువే. ఏడో పే కమిషన్ పట్టికలో అడుగున 18,000, పైన 2,50,000. సుమారు 14 రెట్లు. పెద్ద కంపెనీల్లో ఈ లెక్క ఎక్కడికి పోతుందో అందరికీ తెలిసిందే. పెద్ద ఫ్యాక్టరీలు లేని చిన్న పట్నంలో సర్కారు స్వీపరు, ఆయా, వాచ్‌మన్ జీతాలు బయటి కూలీ కన్నా బాగా పైన ఉండడం వల్లే కింది కుటుంబాలు కొన్నయినా మధ్యకి రాగలిగాయి. ఆరో పే కమిషన్ తర్వాత కేంద్రంలో గ్రూప్ డీ అనేదే లేకుండా పోయింది. ఉన్నవాళ్లని గ్రూప్ సీలో కలిపారు. ఊడ్పు, కాపలా, తోటపని వగైరా క్రమంగా ఏజెన్సీలకి వెళ్లాయి. రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పై జీతాలు పే కమిషన్ ప్రకారం పెరుగుతూనే ఉన్నాయి, కింది పనులు మాత్రం కనీస వేతనాల పట్టికలోకి జారిపోయాయి. ఇప్పుడు తేడా ఆఫీసరుకీ అటెండరుకీ మధ్య కన్నా ఇద్దరు అటెండర్ల మధ్యే ఎక్కువ గుచ్చుకుంటోంది.

2022 అక్టోబరులో నవీన్ పట్నాయక్ ప్రభుత్వం కంట్రాక్టు నియామకాల పద్ధతిని ఎత్తేసి 57,000 మందికి పైగా ఉద్యోగుల్ని రెగ్యులర్ చేసింది. మంచి పనే. కాకపోతే అది ప్రభుత్వం నేరుగా కంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లకి. ఏజెన్సీ పేరు మీద ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. ‘మనల్నీ చేస్తారట’ అని ఎవరైనా చెబితే, మీ నియామక పత్రం మీద ప్రభుత్వ శాఖ పేరుందో ఏజెన్సీ పేరుందో ముందు చూసుకోండి.

కంట్రాక్టరుకి లాభం ఎక్కడిది?

ఇది తెలియకుండా పాస్‌బుక్ చూసినా ఏమీ అర్థం కాదు. టెండరులో తలకి ఇంత అని వేసే లెక్క ఇలా ఉంటుంది: కూలీ 11,700, దాని మీద యజమాని వాటా పీఎఫ్ (12 శాతానికి బీమా, నిర్వహణ చార్జీలు కలిపి) 13 శాతం 1,521, ఈఎస్‌ఐ 3.25 శాతం 381. మొత్తం 13,602. దీనిమీద ఏజెన్సీ సర్వీసు చార్జీ. జీఎస్‌టీ పడే కంట్రాక్టయితే ఇంకో 18 శాతం. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టం ప్రకారం కట్టాల్సినవి కాబట్టి ఏజెన్సీలు పోటీపడేది ఆ సర్వీసు చార్జీ మీదే. సున్నా చార్జీ వేసిన టెండర్లని లెక్కలోకి తీసుకోవద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2014 జనవరిలో చెప్పింది. దానికి మందుగా 0.01 శాతం వేసే అలవాటు పుట్టింది. 13,602లో 0.01 శాతం అంటే 1 రూపాయి 36 పైసలు. 50 మందిని పెట్టే కంట్రాక్టుకి నెలకి 68 రూపాయలు. ఆ 68 కోసం మస్టరు రాసి, బిల్లు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు ఎవడూ ఉండడు.

మరి మిగులు ఎక్కడి నుంచి? ఎక్కువసార్లు పీఎఫ్ నుంచే. 26 రోజులు పనిచేసిన మనిషికి పీఎఫ్ రిటర్నులో 15 రోజులే చూపిస్తారు. 15 రోజులకి కూలీ 6,750. దానిమీద యజమాని వాటా 877.50, కట్టాల్సిన 1,521లో 643.50 మిగిలింది. పనివాడి జీతంలో కోసింది మాత్రం పూర్తి 1,404, కట్టింది 810, ఇక్కడ 594. తలకి 1,237.50. 50 మందికి నెలకి 61,875. ఆఫీసు వాళ్లు బిల్లు పాస్ చేసేముందు పీఎఫ్ చలానా అడుగుతారు, అడగరని కాదు. చలానాలో మొత్తం ఒక్కటే చూసి, ఎవరికెంత కట్టారో పేరుపేరునా ఉన్న ఈసీఆర్ షీటు తిరగేయకపోవడం దగ్గర వస్తుంది తంటా. ఒకే చలానాని రెండు మూడు ఆఫీసుల బిల్లులకి జతచేసే ఘనులూ ఉంటారు.

ఇంకో మోటు పద్ధతి కూడా ఉంది. యజమాని వాటా 13 శాతాన్నీ జీతంలోంచే కోసేయడం. జీతంలో 1,404 బదులు 2,925 కోత పడిందంటే అదే జరిగింది. 1952 నాటి పీఎఫ్ పథకం 31వ పేరా దీన్ని నేరుగా నిషేధిస్తుంది. బ్యాంకులో పూర్తి జీతం వేసి, మర్నాడు నగదుగా వెనక్కి వసూలు చేసుకునే పద్ధతి గురించి చెప్పక్కర్లేదు, అందరూ ఎరిగిందే. దాన్ని పాస్‌బుక్ పట్టుకోలేదు.

పాస్‌బుక్‌లో ఏం చూడాలి

చాలామంది కింద మొత్తం ఎంతుందో చూసి మూసేస్తారు. చూడాల్సింది అది కాదు. ఒక్కో నెలకి ఒక్కో వరస ఉంటుంది: ఏ నెల జీతం, ఏ తేదీన జమ, ఆ తర్వాత ఈపీఎఫ్ వేతనం, ఈపీఎస్ (పెన్షను పథకం) వేతనం అని రెండు గడులు, వాటి పక్కన ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షను వాటా. 26 రోజుల పనికి సరిగ్గా కడితే వరసలో 11,700, 11,700, 1,404, 429, 975 కనిపించాలి. యజమాని 12 శాతంలో 8.33 శాతం పెన్షనుకి పోతుంది, మిగిలిన 3.67 మీ పీఎఫ్‌లో పడుతుంది. అందుకే 429 అంత చిన్నగా ఉంటుంది. ‘నా 1,404కి కంట్రాక్టరు 429 మాత్రమే వేశాడు’ అని గొడవపడేవాళ్లు ఉన్నారు. అది మోసం కాదు, పెన్షను గడి కూడా కలుపుకుంటే సరిపోతుంది.

అసలు గుట్టు వేతనం గడిలో ఉంది. ఆ అంకెని మీ రోజు కూలీతో భాగించండి. 6,750ని 450తో భాగిస్తే 15. ఆ నెల మీరు ఎన్ని రోజులు పనికెళ్లారో మీకు తెలుసు కదా. మస్టరు, గేటు పాసు, బయోమెట్రిక్ హాజరు ఏదుంటే దాంతో పోల్చండి. రెండో పరీక్ష: జీతం స్లిప్పులో కోసిన పీఎఫ్, పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా ఒకటేనా? 1,404 కోసి 810 జమైతే ఇక వాదన అక్కర్లేదు. స్లిప్పు ఇవ్వని చోట బ్యాంకు స్టేట్‌మెంటులో పడిన నికర జీతం నుంచి వెనక్కి లెక్కేయాలి. 10,208 పడిందంటే పూర్తి 26 రోజులకీ కోతపడినట్టే.

మూడోది జమ తేదీ. ఈ నెల పీఎఫ్ వచ్చే నెల 15లోపు కట్టాలి. నాలుగైదు నెలలవి ఒకే తేదీన పడ్డాయంటే కంట్రాక్టరు బిల్లు రానిదే కట్టడం లేదని అర్థం. వడ్డీ కోసం అంత కంగారు పడక్కర్లేదు గానీ, ఆ మధ్యలో మనిషికి ఏమైనా అయితే బీమా క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పెన్షను గడి సున్నా ఉన్నా అడగండి. వేతనం 15,000 దాటాక కొత్తగా చేరినవాళ్లకీ, 58 నిండినవాళ్లకీ తప్ప అది సున్నా ఉండకూడదు.

ఏడాది చివర్లో వడ్డీ కనపడలేదని గాభరా పడేవాళ్లకి ఒక మాట. 2024-25కి రేటు 8.25 శాతం. అది ఆలస్యంగా పాస్‌బుక్‌కి ఎక్కుతుంది, ఎక్కాక గత కాలానికి కూడా కలిసే వస్తుంది.

లోపలికి వెళ్లే దారులు

మామూలు కీప్యాడ్ ఫోను ఉన్నవాళ్లకి మిస్డ్‌కాల్ చాలు. రిజిస్టరైన నంబరు నుంచి 9966044425కి కొడితే రెండు రింగులకి కట్టయి, చివరి జమ, మొత్తం నిల్వ మెసేజీగా వస్తాయి. తెలుగులో కావాలంటే 7738299899కి ఇంగ్లీషు అక్షరాల్లో ఈ-పీ-ఎఫ్-ఓ-హెచ్-ఓ, ఖాళీ, యూ-ఏ-ఎన్, ఖాళీ, టీ-ఈ-ఎల్ అని పంపాలి. సరిహద్దుకి ఇటువైపు ఉన్నంత మాత్రాన తెలుగు రాదనేం లేదు, చివరి మూడక్షరాలే భాషని తేలుస్తాయి. అయితే మెసేజీలో వేతనం గడి ఉండదు. నిల్వ తెలుస్తుంది, మోసం తెలియదు. అందుకని పాస్‌బుక్ తెరవక తప్పదు.

యూనిఫైడ్ మెంబరు పోర్టల్‌లో యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) యాక్టివేట్ చేసిన వెంటనే పాస్‌బుక్ తెరిస్తే రాదు, ఆరు గంటలు ఆగాలి. ఇది తెలియక ఒకటికి పదిసార్లు పాస్‌వర్డ్ మార్చి ఖాతా లాకు చేసుకుంటారు. 2025 సెప్టెంబరులో మెంబరు పోర్టల్‌లోనే పాస్‌బుక్ లైట్ అని క్లుప్తంగా చూపించే ఏర్పాటు వచ్చింది. తొందరలో చూసుకోవడానికి బాగానే ఉంటుంది. నెలవారీ పరీక్షకి మాత్రం పూర్తి పాస్‌బుక్ పీడీఎఫ్ దింపుకోండి. ప్రభుత్వ సేవల ఉమంగ్ యాప్‌లో మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు గానీ పాస్‌బుక్ కాగితం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. గడుల వరస పైన చెప్పాను కదా, దాంతో నెట్టుకురావచ్చు.

జన సేవా కేంద్రంలో తీయించుకుంటే యూఏఎన్, పాస్‌వర్డ్ అక్కడి కంప్యూటర్లో దాచకుండా చూసుకోండి. మీ మొబైల్ నంబరు బదులు వాళ్ల నంబరు ఎక్కించనివ్వొద్దు. తర్వాత ప్రతి ఓటీపీకీ వాళ్ల గుమ్మం తొక్కాలి.

లాగిన్ అసలు లేకుండా చూసుకునే ఇంకో కిటికీ ఉంది, ఎందుకో దీని సంగతి ఎవరికీ తెలియదు. ఈపీఎఫ్‌ఓ సైటులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్. కంట్రాక్టరు సంస్థ పేరో కోడో కొడితే ఏ నెలకి ఎంత కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది ఎవరైనా చూడొచ్చు. ఆఫీసులో 50 మంది ఉంటే అక్కడ 22 అని ఉందంటే మిగతా 28 మంది సంగతేంటని అడగడానికి ఆధారం దొరికినట్టే. బిల్లులు పాస్ చేసే గుమాస్తాలు ఇది ఒక్కటి చూసినా సగం దందా ఆగిపోతుంది.

పేరు తెచ్చే చిక్కు

సరిహద్దు తెలుగువాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఇది. ఆంధ్రాలో చదివిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. ఒడిశాలో తీసిన ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర్లో ఉంటుంది. ‘రావు’ ఒకచోట ఆర్-ఏ-ఓ, ఇంకోచోట ఆర్-ఏ-యూ. కంట్రాక్టరు సూపర్వైజరు తనకి తోచినట్టు మూడో రకం రాస్తాడు. ఆధార్‌తో అక్షరం తేడా వచ్చినా కేవైసీ ఆగుతుంది, కేవైసీ ఆగితే క్లెయిము ఆగుతుంది.

ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిందైతే పేరు, పుట్టిన తేదీ వంటివి సభ్యుడే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి యజమాని ఆమోదం అక్కర్లేదు. ఈ మధ్య కాలంలో ఈ సేవలో వచ్చిన నిజమైన మంచి మార్పు ఇదే. అంతకు ముందు యూఏఎన్ అయితే జాయింట్ డిక్లరేషన్ (సభ్యుడూ యజమానీ కలిసి ఇచ్చే సవరణ ఫారం) యజమాని ద్వారా పోవాలి. కంట్రాక్టరు దుకాణం ఎత్తేసి ఉంటే గెజిటెడ్ అధికారి వంటివాళ్ల అటెస్టేషన్‌తో కాగితం మీద పీఎఫ్ ఆఫీసుకి ఇవ్వాలి. ఏ మార్పు చేసినా ముందు ఆధార్‌ని సరిచేయించి, తర్వాత పీఎఫ్‌ని దానికి సరిపెట్టండి. తిరగేసి చేసినవాళ్లు రెండుసార్లు తిరుగుతారు.

టెండరు మారినప్పుడు

మనిషి అదే కుర్చీలో ఉంటాడు, ఏజెన్సీ మారుతుంది. కొత్త ఏజెన్సీ పాత యూఏఎన్ అడగకుండా కొత్తది తీస్తే సర్వీసు రెండు ముక్కలవుతుంది. చేరే రోజే పాత యూఏఎన్ రాతపూర్వకంగా ఇచ్చి, మెంబరు పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి పాత కొత్త మెంబరు ఐడీలు రెండూ ఒకే యూఏఎన్ కింద ఉన్నాయా చూడండి. పాత ఏజెన్సీ వెళ్లిపోయిన తేదీ వేయకపోతే చివరి జమ జరిగిన రెండు నెలల తర్వాత మీరే మార్క్ ఎగ్జిట్ చేసుకోవచ్చు.

టెండరు మారినప్పుడల్లా ఫారం 19తో పీఎఫ్, 10సీతో పెన్షను సొమ్ము తీసేసుకోవడం మనవైపు బాగా అలవాటు. చేతిలో డబ్బు లేక చేస్తారు, తప్పుపట్టలేం. కానీ 10సీతో తీసిన ప్రతిసారీ పెన్షను సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది. 10 ఏళ్లు నిండితేనే నెలవారీ పెన్షను. 2025 అక్టోబరులో ట్రస్టీల బోర్డు పూర్తి పీఎఫ్‌కి ఆగాల్సిన గడువు 2 నుంచి 12 నెలలకీ, పెన్షను సొమ్ముకి 36 నెలలకీ పెంచుతూ నిర్ణయించింది. నిల్వలో 75 శాతం వరకు మధ్యలో తీసుకోనిస్తూనే. తిట్టినవాళ్లే ఎక్కువ. పెన్షను వైపు నుంచి చూస్తే మాత్రం కంట్రాక్టు మనిషికి మేలే.

పెన్షను లెక్క చిన్నది: పెన్షనుకి లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 11,700 మీద 10 ఏళ్లకి నెలకి 1,671. కేంద్ర సర్కారు పర్మినెంటు ఉద్యోగి, రైల్వేలో పాయింట్స్‌మన్ అనుకోండి, 2025 ఏప్రిల్‌లో మొదలైన యూపీఎస్ అనే పెన్షను పథకాన్ని ఎంచుకుంటే 10 ఏళ్లకి కనీసం 10,000. జీతంలో తేడా రెండు రెట్లు దాటితే పెన్షనులో ఆరు రెట్లు. జీతాల పట్టికలు చూసి తేడాలు కొలిచేవాళ్లు ఈ వెనక భాగాన్ని వదిలేస్తుంటారు.

రోజులు తగ్గించి చూపిస్తే ఇక్కడ ఇంకో దెబ్బ. తక్కువ వేతనమే పూర్తి నెల జీతం అన్నట్టు రాస్తే 6,750 మీద పదేళ్లకి 964 వస్తుంది, కనీస పెన్షను 1,000 అన్న నిబంధన దాన్ని వెయ్యికి లాగుతుంది. అలా కాక మిగతా 11 రోజుల్ని వాటా లేని రోజులుగా రాస్తే సర్వీసే తరిగిపోతుంది, పదేళ్లు పనిచేసినా పదేళ్లు నిండవు. ఏ దారిన కోసినా పోయేది పెన్షనే. చనిపోతే వచ్చే ఈడీఎల్‌ఐ బీమా కూడా సగటు వేతనానికి 35 రెట్లు, దానిపైన నిల్వలో సగం 1,75,000 మించకుండా. 11,700 మీద 35 రెట్లంటే 4,09,500. 6,750 మీద 2,36,250. ఈ బీమాకి ఉద్యోగి పైసా కట్టడు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఈ-నామినేషన్ పెట్టనివాళ్ల ఇళ్లలో వారసత్వ పత్రాల కోసం తహశీల్ చుట్టూ తిరగడమే నెలలు పడుతుంది.

ఫిర్యాదుకి రెండే మార్కులు ఎందుకు

ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టడం తేలిక. యూఏఎన్, ఓటీపీ, విషయం, పీడీఎఫ్. కష్టం తర్వాతే. ‘నా పీఎఫ్ సరిగ్గా కట్టడం లేదు’ అని రాస్తే ‘యజమానిని సంప్రదించండి’ అని మూసేసే ప్రమాదం ఎక్కువ. రాసేటప్పుడు ఏయే నెలలు, మస్టరు ప్రకారం ఎన్ని రోజులు, పాస్‌బుక్‌లో ఎంత వేతనం, తేడా ఎంత, కంట్రాక్టరు ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్, పని చేయిస్తున్న ఆఫీసు పేరు, ఇవన్నీ ఒక్క పట్టికగా వేసి, బకాయి తేల్చే విచారణ జరపాలని స్పష్టంగా అడగండి. పీఎఫ్ ఆఫీసులో దాన్ని ఇప్పటికీ పాత పీఎఫ్ చట్టం సెక్షను నంబరుతో 7ఏ అనే అంటారు. ఒక్కరు పెడితే వచ్చే టెండరులో ఆ ఒక్కరి పేరు ఎగిరిపోతుంది. పదిమంది ఒకే పట్టిక మీద పెట్టడం మేలు.

కంట్రాక్టరుతో కన్నా పని ఇచ్చిన ఆఫీసుతో మాట్లాడితే త్వరగా కదులుతుంది. పీఎఫ్ పథకం 30వ పేరా ప్రకారం కంట్రాక్టరు మనుషుల పీఎఫ్‌కి కూడా చివరి బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయరుదే, అంటే పని చేయించుకునే ఆఫీసుదే. 36బీ పేరా ప్రకారం నెల ముగిసిన 7 రోజుల్లో కంట్రాక్టరు వాటాల లెక్క ఆ ఆఫీసుకి ఇవ్వాలి. ‘అది ఏజెన్సీ సంగతి, మాకు సంబంధం లేదు’ అన్న జవాబు చెల్లదు. ఈ రెండు పేరాల నంబర్లు వేసి ఆఫీసు పెద్దకి దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

దానికీ కదలకపోతే, బిల్లుతో పాటు కంట్రాక్టరు ఇచ్చిన ఈసీఆర్ షీట్ల నకళ్లు కావాలని సమాచార హక్కు కింద అడగొచ్చు. ఒడిశా శాఖలకైతే ఫారం-ఏ, 10 రూపాయలు. దరఖాస్తు ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాస్తే తిప్పి పంపే అవకాశం ఉంది. ఫలానా నెల బిల్లు, ఫలానా చలానా అని ఒక్కో కాగితం పేరు చెప్పి అడగాలి. ‘పూర్తి వివరాలు’ అని రాస్తే తప్పించుకోడానికి సందు దొరుకుతుంది.

14470 హెల్ప్‌లైను క్లెయిము ఎక్కడుందో చెప్పడానికి పనికొస్తుంది, తక్కువ రోజులు చూపించిన గొడవకి కాదు. ఈ ప్రాంతానికి పీఎఫ్ రీజినల్ ఆఫీసు బరంపురంలో ఉంది. రాయగడ వాళ్లకి అది ఒక రోజు కూలీ పోగొట్టుకునే ప్రయాణం, మల్కనగిరి వాళ్లకి రెండు రోజులది. అందుకే ప్రతి నెలా 27న జిల్లాల్లో పెట్టే నిధి ఆప్కే నికట్ శిబిరం మనలాంటి జిల్లాలకి ముఖ్యం. 27 సెలవైతే మర్నాటి పనిదినాన పెడతారు. చోటు మారుతుంటుంది కాబట్టి ముందురోజు ఈపీఎఫ్‌ఓ సైటులో చూసుకుని వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆధార్, పాస్‌బుక్ పీడీఎఫ్ ప్రింటు, బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు నకలు, పైన చెప్పిన నెలల పట్టిక రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒక కాపీ మీద సంతకం, తేదీ తీసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.